ఆమెన్ పెట్టిందెవరు?

పోయిన వారం కరుణశ్రీని మనం ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? తిరువూరు చర్చి పక్కగదిలో, లోపలి గడియ పడిన తలుపు దగ్గర. గడియ పెట్టింది గ్లోరి తల్లి పుష్పలత. "నిన్నొక మాట అడగాలి కరుణా" అని మాత్రం అని ఊరుకుంది. వారం రోజులు మనం హాయిగా తిన్నాం, తిరిగాం. పాపం, ఆ పిల్లకు మాత్రం ఇంకా ఒక్క నిమిషం కూడా గడవలేదు. అక్కడే అలాగే నిలబడి ఉంది.

ఇప్పుడే చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. కరుణశ్రీ, గ్లోరి ఇద్దరూ ఒకే సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి, ఒకే విమానమెక్కి జార్జియా దేశానికి డాక్టరు చదువుకు పోయినవాళ్ళు. ఐదు రోజులు చదువు, శని ఆదివారాలు స్నేహితులతో తిరుగుడు. కొండలు, మంచు, సరస్సులు, అద్దె కార్లు. పేచీ అల్లా ఆదివారంతోనే. తిరువూరు తల్లులు ఊరుకుంటారా? ఇక్కడి ఆరాధన యూట్యూబులో లైవ్ వస్తుంది. దూరానున్న పిల్లలు చూస్తున్నట్టు గుర్తుగా కింద 'ఆమెన్' అని పెట్టాలి. మధ్యలో పాస్టరుగారు ఆ పేర్లు పైకి చదువుతారు. తమ పిల్ల పేరు వినబడితే తల్లి కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. వినబడలేదో, ఆ సాయంత్రం ఫోన్లో దుమ్ము దులిపేస్తుంది.

అందుకని పిల్లలిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒకరి అకౌంటు ఇంకొకరి ఫోన్లో కూడా పెట్టుకున్నారు. ఒకరు టూరుకు పోతే రెండోవాళ్ళు హాస్టల్లో ఉండి ఇద్దరి పేరునా ఆమెన్ పెట్టేవాళ్ళు. దేవుడికి తెలియదా అంటే, తెలుస్తుంది. తల్లులకు తెలియదు కదా, అదే చాలనుకున్నారు.

మార్చిలో ఒక శనివారం ఇద్దరూ కలిసే పోయారు. కారు నడిపింది డానీ, వాళ్ళ క్లాసులోనే చదివే విజయవాడ కుర్రాడు. సాయంత్రానికి కొండ మీద మంచు మొదలైంది. రాత్రికి అక్కడే ఉండి ఆదివారం పొద్దెక్కాక దిగుదామన్నాడు డానీ. గ్లోరి ఒప్పుకోలేదు. "రేపు మా నాన్న జ్ఞాపకార్థ ప్రార్థన. ఆరాధన టైముకి నేను హాస్టల్లో ఉండాలి" అంది. మాటా మాటా పెరిగి, ఒక వంతెన దగ్గర కారు దిగేసింది. "కాసేపు చలిలో నిలబడితే తిక్క కుదురుతుంది" అంటూ డానీ కారు ముందుకు పోనిచ్చాడు. కరుణశ్రీ ఆపమనలేదు. పైగా వెనక్కి తిరిగి చెయ్యి ఊపి నవ్వింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి వంతెన మీద గ్లోరి లేదు.

"చెప్పామంటే ఇద్దరం జైలుకే" అన్నాడు డానీ. రాత్రికి రాత్రే కొండ దిగి వచ్చేశారు. తెల్లారి హాస్టల్లో, దుప్పటి కప్పుకుని కరుణశ్రీ తన పేరున ఆమెన్ పెట్టింది. సాయంత్రానికల్లా గ్లోరి తిట్టుకుంటూ వచ్చేస్తుందిలే అన్న ఆశతో, అలవాటు చొప్పున దాని పేరున కూడా పెట్టింది. గ్లోరి రాలేదు. ఆదివారం పొద్దున ఆ పిల్ల హాస్టల్లోనే ఉందని ఆ ఆమెన్ సాక్ష్యం పలికింది కాబట్టి, పోలీసులు పట్నమంతా వెతికారు. కొండవైపు ఎవరూ పోలేదు. ఫోను శనివారం నుంచే ఆగిపోయింది కదా అని వాళ్ళు అడిగితే, "నా లాప్‌టాప్‌లో చూసింది" అని చెప్పింది కూడా కరుణశ్రీయే. అబద్ధం ఒంటరిగా ఉండలేదు, తోడు వెతుక్కుంటుంది.

సెలవులకి ఇంటికొచ్చింది ఇప్పుడు. ఈ రోజు జులై మొదటి ఆదివారం. సరే, ఇక గదిలోకి పోదాం.

గది చిన్నది. మూలన చాపల చుట్టలు, గోడకి పాత క్రిస్మస్ నక్షత్రం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద స్టీలు పళ్ళెం, పళ్ళెం నిండా బొటనవేలంత గాజు కప్పులు. మొదటి ఆదివారం కాబట్టి, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, రసం పంచే ప్రభు బల్ల ఉంది. రొట్టె కోయడం, కప్పుల్లో ద్రాక్షరసం పోయడం ఎన్నో ఏళ్ళుగా పుష్పలత పని. భర్త పోయాక ఆయన ఉద్యోగం తనకిస్తే స్కూలు ఆఫీసులో చేరింది. ఆఫీసులో ఫైళ్ళు, ఇక్కడ కప్పులు. రెండింట్లోనూ ఒక్క చుక్క మరక పడనివ్వదని పేరు.

"ఆ కప్పులు నింపు," అంది, సీసా కరుణశ్రీ చేతికిస్తూ.

"ఏదో అడగాలన్నారు ఆంటీ..."

"అడుగుతాలే. చేతులు ఊరికే ఉంటే భయమెక్కువవుతుంది. నింపు."

భయమని ఆవిడకెలా తెలిసింది? కరుణశ్రీ మూత తీసింది. సీసా వంచింది. మొదటి కప్పు బాగానే నిండింది. రెండోది పొర్లి తెల్లగుడ్డ మీద ఎర్రగా మరక కట్టింది.

పుష్పలత మరకని చూసింది. చాకుతో రొట్టె చిన్న చిన్న ముక్కలు చేస్తూ మొదలుపెట్టింది.

"మార్చిలో ఆ ఆదివారం ఏంటో నీకు గుర్తుందిగా?"

"అంకుల్ జ్ఞాపకార్థ ప్రార్థన."

"ఆయన పోయిన దగ్గర్నుంచి ఏటా ఏం జరుగుద్దో తెలుసా? పాస్టరు అయ్యగారు ఆయన పేరు చదివే టైముకి నాకు ఫోనొస్తుంది. గ్లోరి దగ్గర్నుంచి. నేను ఎత్తను. ఎత్తితే ఇద్దరికీ ఏడుపే. ఒళ్ళో ఫోను గుయ్‌మంటుంటే దాని మీద చెయ్యేసుకుని కూర్చుంటా. నేనిక్కడ ఉన్నానని దానికి తెలవాలి, అదక్కడ ఉందని నాకు తెలవాలి. అంతే. అదొక్కటే మా తల్లీకూతుళ్ళ ప్రార్థన."

కరుణశ్రీకి ఈ సంగతి తెలియదు. ఒకే గదిలో ఉండి, ఒకే గిన్నెలో మ్యాగీ తిని, ఒకరి చున్నీ ఒకరు వేసుకున్న స్నేహం. అయినా తెలియదు. ఏటా ఆ రోజు గ్లోరి ఫోను పట్టుకుని "ఒక్క నిమిషం" అంటూ బాల్కనీలోకి పోవడం మాత్రం ఇప్పుడు కళ్ళకు కట్టింది. అందుకేనా ఆ రోజు కారులో అంత మొండికేసింది? వెళ్ళాలి, వెళ్ళాలి అని ఏడ్చినంత పని చేసింది. 'ఆరాధనకేమిటే, ఆమెన్ పెడితే చాలదా' అని తను ఎగతాళి చేసింది.

"ఈ ఏడు ఫోను మోగలా," అంది పుష్పలత. "ఆమెన్ మాత్రం వచ్చింది. అయ్యగారు పైకి చదివారు కూడా. గ్లోరి, జార్జియా అని. నెట్టు సరిగ్గా లేదేమోలే అనుకున్నా. ఆమెన్ పెట్టిందిగా, బిడ్డ క్షేమంగానే ఉందిలే అనుకున్నా. ఆ మర్నాడేగా కనపళ్ళేదని కబురొచ్చింది. అప్పట్నుంచీ ఆ ఒక్క ఆమెన్ పట్టుకుని బతుకుతున్నా తల్లీ. నా బిడ్డ నోటి ఆఖరి మాట దేవుడి మాటే అని పది మందికీ చెప్పుకున్నా."

చాకు కింద పెట్టింది.

"మొన్న ఒక రాత్రి నిద్ర పట్టక కూర్చుంటే తట్టింది. నాన్న పేరు చదువుతుంటే ఆమెన్ పెట్టేదాకా నెట్టు ఉండి, అమ్మకి ఫోను చెయ్యడానికి లేకపోయిందా?"

బయట కీబోర్డు మొదలైంది. గంపలగూడెం నుంచి వచ్చిన షేర్ ఆటో గేటు దగ్గర ఆగినట్టుంది, ఆడవాళ్ళ గొంతులు వినబడుతున్నాయి. కిటికీలోంచి ఉక్కపోత లోపలికి తోసుకొస్తోంది. అయినా కరుణశ్రీ వేళ్ళు మంచులో పెట్టినట్టు చల్లగా ఉన్నాయి.

"ఇవ్వాళ బల్ల ఉంది," అంది పుష్పలత, గొంతు పెంచకుండానే. "నీ మీద మనసులో ఒకటి పెట్టుకుని నేను బల్ల తీసుకోలేను. అది పాపం. నాది పిచ్చి అనుమానమైతే ఇక్కడే నీ చేతులు పట్టుకుని క్షమించమంటా. కాకపోతే చెప్పు. ఆ రోజు ఆమెన్ పెట్టిందెవరు?"

చెప్పేద్దామనే అనుకుంది కరుణశ్రీ. ప్రమాణపూర్వకంగా అనుకుంది. కానీ నోరుందే, దానికి ప్రాణభయం మనసుకంటే ఎక్కువ.

"గ్లోరీనే ఆంటీ. నా ఎదురుగానే పెట్టింది."

పుష్పలత ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. బతిమాలుతున్నట్టుంది.

"ఏదీ, నీ ఫోను ఇలా ఇవ్వు."

"ఛార్జింగు లేదాంటీ."

"ఉన్నంతవరకే చూస్తా. తెరిచి ఇవ్వు."

ఇవ్వనంటే దొంగ. ఇస్తే దొరికిన దొంగ. బొటనవేలితో తెరిచి ఇచ్చింది. పుష్పలత యూట్యూబు తెరిచి, పైన గుండ్రంగా ఉన్న కరుణశ్రీ బొమ్మ మీద నొక్కింది. దాని కిందే ఇంకో గుండ్రటి బొమ్మ వచ్చింది. పసుపు చున్నీ వేసుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న గ్లోరి.

పుష్పలత వేలు ఆ బొమ్మ చెంప మీద ఆగింది. అంతలో ఫోను పైభాగాన మెసేజీ ఒకటి జారి పడింది. పంపింది డానీ. చదవడానికి దాన్ని తెరవక్కర్లేదు, అంతా కనబడుతూనే ఉంది.

'చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ ట్రిప్పు ఊసెత్తకు. జాగ్రత్త.'

పుష్పలత రెండుసార్లు చదివింది. పెదవులు కదిలాయి.

"ఏ ట్రిప్పమ్మా?"

కరుణశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. బల్ల అంచు పట్టుకుంది. "ఆంటీ... ఆంటీ... మేం ఊరికే..." అన్న మాట దాటి రాలేదు.

"నా బిడ్డ ట్రిప్పుకొచ్చిందా? మీతో వచ్చిందా?"

తలుపు దబదబా చప్పుడైంది. "ఏంటి వదినా, తలుపేసుకుని కూర్చున్నారు? పాటలు మొదలెట్టేశారు. మా కరుణ లోపలుందా?" కరుణశ్రీ తల్లి సామ్రాజ్యం గొంతు. స్త్రీల సమాజం కార్యదర్శి. ఆవిడ తలుపు కొడితే తలుపులే భయపడతాయి. ఇవాళ ఆవిడ సంబరానికి హద్దు లేదు. దూరదేశం నుంచి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. కూతురి కోసం కొత్త చీర కూడా తెచ్చింది. అంతటితో ఆగిందా? 'ఆ ఆదివారం నా బిడ్డ అడుగు బయట పెట్టలేదు, గదిలో కూర్చుని ఆరాధన చూసింది, అందుకే ప్రభువు కాపాడాడు' అని మార్చి నెలలోనే అందరి ముందూ సాక్ష్యం చెప్పేసింది. పక్కనే కూర్చుని పుష్పలత ఆ మాట విన్నది.

"వస్తున్నాం వదినా," అంది పుష్పలత, మామూలు గొంతుతోనే. తర్వాత కరుణశ్రీ చెవి దగ్గరకొచ్చింది. "నేను అరవను. అరిస్తే మీ అమ్మ ఇక్కడే పడిపోద్ది. పైగా జనం నా నోరు చూస్తారు గానీ నా బిడ్డ సంగతి వినరు. నువ్వే చెప్పు. మైకులో. సంఘం ముందు. లైవులో. నువ్వు చెబితే అక్కడ మళ్ళీ వెతుకుతారు. బతికుంటే బిడ్డని తెచ్చుకుంటా. లేకపోతే కనీసం మట్టి చేసుకుంటా. అప్పటిదాకా నీ ఫోను నా దగ్గరుంటుంది."

గడియ తీసింది. సామ్రాజ్యం లోపలికి తొంగిచూసి, తెల్లగుడ్డ మీద మరక చూసి, "అయ్యో, ఏం పిల్లవే, కప్పు నింపడం కూడా రాదా డాక్టరమ్మకి?" అని ముద్దుగా విసుక్కుంది. కరుణశ్రీకి ఆ మురిపెం భరించడం కష్టమైంది.

పారిపోవాలనిపించింది. నిజంగానే అనిపించింది. వెనక గేటు దాటితే రోడ్డు, రోడ్డెక్కితే విజయవాడ బస్సు. కానీ చెప్పులు ముందు వాకిట్లో వందమంది చెప్పుల మధ్య ఉన్నాయి, ఫోనేమో పుష్పలత చేతిలో ఉంది. అయినా, ఉత్తకాళ్ళతో పరుగెత్తి ఎంత దూరం పోగలదు? కొండ మీద నుంచి ఇక్కడిదాకా పారిపోయి వచ్చిందిగా, ఏం లాభం?

లోపల చాపల మీద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు సర్దుకున్నారు. పక్కగోడకి పెద్ద టీవీ. లైవు నడిపే ఇమ్మాన్యుయేల్ స్టాండు మీద ఫోను సరిచేస్తున్నాడు. టీవీలో పాస్టరుగారు కనిపిస్తున్నారు, కాస్త ఆలస్యంగా. ఇక్కడ ఆయన చెయ్యి దించాక అక్కడ ఎత్తుతున్నారు. కింద పేర్లు వరుసగా వస్తున్నాయి. "కువైట్ నుంచి చూస్తున్న మన సోదరి రావమ్మగారికి వందనాలు," అని చదివారు పాస్టరుగారు. "ఆమెన్" అంది సంఘం.

కరుణశ్రీ ఆ పేర్లనే చూస్తూ కూర్చుంది. ఒక పేరు మాత్రం రాకూడదని కోరుకుంది. ఎవరి పేరని అడిగితే చెప్పలేకపోయేది గానీ, ప్రతి కొత్త పేరుకీ ఉలిక్కిపడింది.

పుష్పలత ముందు వరసలో కూర్చుంది. ఒళ్ళో రెండు ఫోన్లు, తనదొకటి, కరుణశ్రీదొకటి, బోర్లా పెట్టి వాటి మీద రెండు చేతులూ వేసుకుంది. ఏటా ఆ జ్ఞాపకార్థ ప్రార్థన వేళ ఆవిడ ఎలా కూర్చునేదో కరుణశ్రీకి ఇప్పుడు తెలిసింది.

"ఇప్పుడు మన చెల్లి కరుణశ్రీ సాక్ష్యం చెబుతుంది," అన్నారు పాస్టరుగారు.

సామ్రాజ్యం మోచేత్తో పొడిచింది. "లే. గట్టిగా చెప్పు. తల మీద కొంగు సరిగా వేసుకో."

లేచింది. మైకుదాకా నాలుగు అడుగులే. వంతెన మీద నడుస్తున్నట్టు నడిచింది.

"ప్రభువు నామమున అందరికీ నా వందనాలు."

"వందనాలు," అంది సంఘం ఒక్క గొంతుతో.

"నేను... మార్చి నెలలో..." ఆగింది. తల్లి కళ్ళు మెరుస్తున్నాయి. ఇంకొక్క వాక్యం, తల్లి చెప్పిన అబద్ధాన్నే మళ్ళీ చెబితే చాలు. చప్పట్లు కొడతారు, కూర్చోవచ్చు. డానీ ఊపిరి పీల్చుకుంటాడు. అమ్మ పరువు నిలుస్తుంది. ఒక్క వాక్యం. నోటిదాకా వచ్చింది కూడా.

అప్పుడు పుష్పలత తల ఎత్తి చూసింది. బెదిరించలేదు. ఫోన్లు చూపించలేదు. రొట్టె ముక్క కోసం చెయ్యి చాచినట్టు అరచెయ్యి ఒకటి కొంచెం తెరిచింది. ఆ చేతిలో ఏదో ఒకటి వేయాలి. ఏమీ వేయకుండా పోతే ఆ చెయ్యి జన్మంతా తన ఎదుట అలాగే చాచి ఉంటుందని కరుణశ్రీకి తెలిసిపోయింది.

"ఆ ఆదివారం గ్లోరి పేరున ఆమెన్ పెట్టింది గ్లోరి కాదు," అంది. "నేను."

వెనక ఎవరో "ఏంటంటా?" అన్నారు. సామ్రాజ్యం ముఖంలో నవ్వు ఇంకా పోలేదు, పోవాలని దానికి తెలియనట్టు అలాగే ఉండిపోయింది. కరుణశ్రీ మైకు గట్టిగా పట్టుకుంది. ఇంకా చెప్పాల్సింది కొండంత ఉంది. మంచు, కారు, తన నవ్వు. ఒక్కటీ నోటికి రావడం లేదు. తల్లి వైపు చూడలేక టీవీ వైపు చూసింది.

టీవీలో తను ఇంకా నోరు తెరవలేదు. అప్పుడే తెరిచింది. కొంగు కప్పుకున్న ఆ పిల్ల ఎవరో పరాయిదానిలా ఉంది. "ఆ ఆదివారం గ్లోరి పేరున ఆమెన్ పెట్టింది గ్లోరి కాదు. నేను," అంటోంది.

ఆ మాట ముగిసిన కాసేపటికి కింద ఒక పేరు కొత్తగా వచ్చింది. పక్కన గుండ్రటి బొమ్మ. పసుపు చున్నీ, పళ్ళన్నీ బయటపెట్టిన నవ్వు. గ్లోరి.

'ఆమెన్.'

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. పాస్టరుగారి చేతిలోని బైబిలు జారింది. కరుణశ్రీ గబుక్కున పుష్పలత వైపు తిరిగింది. ఆ అకౌంటు ఉన్నది లోకంలో రెండే ఫోన్లలో. ఒకటి పుష్పలత ఒళ్ళో బోర్లా పడి ఉంది. దాని మీది చెయ్యి కదల్లేదు, ఆవిడ దానివైపు చూడను కూడా లేదు. నోరు తెరుచుకుని టీవీ వైపే చూస్తోంది. రెండోది మార్చి నెలలో మంచు పడుతున్న శనివారం నాడు గ్లోరి కోటు జేబులో ఉంది.

"నా తల్లీ..." అంటూ పుష్పలత లేవబోయింది.

ఆవిడ లేచేలోపలే టీవీలో ఇంకో కామెంటు వచ్చింది. కరుణశ్రీ, గ్లోరి, డానీ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియని మాట అందులో ఉంది.

'వంతెన దగ్గర ఏం చేశారో కూడా చెప్పు కరుణా. అమ్మ వింటోంది.'